పుణెలో సర్వరు, సిలావ్‌లో లారీ

మెక్సికోలో ఫ్యాక్టరీ నుంచి సరుకు అమ్మాలంటే మన చేత్తో మనం రాసుకున్న ఇన్‌వాయిసు చెల్లదు. అది ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా తయారై, అక్కడి పన్నుల శాఖ ‘సాత్’ గుర్తింపు ఇచ్చిన ఒక మధ్యవర్తి సంస్థకి వెళ్లాలి. డిజిటల్ ముద్ర, 36 అక్షరాల నంబరు వేయించుకుని తిరిగి రావాలి. క్షణాల్లో అయ్యే పనే. కాకపోతే కొనేవారి పేరు సాత్ రికార్డులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉండాలి. మన ‘ప్రైవేట్ లిమిటెడ్’ లాగా అక్కడి కంపెనీల పేర్ల చివర ‘ఎస్.ఏ. దె సి.వి.’ అని ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరైన పద్ధతిలో ఆ తోక తీసేసి పేరు రాయాలి. పోస్టల్ కోడ్ కూడా కలవాలి. తోక ఉంచి పంపితే ముద్ర పడదు. సరుకు రోడ్డెక్కాలంటే మన ఈ-వే బిల్లు లాంటి రవాణా వివరాల అనుబంధం ఒకటి అదనం. ఏ బండి, ఏ డ్రైవరు, ఎంత బరువు, ఎక్కడి నుంచి ఎక్కడికి, అన్నీ అందులో ఉండాలి.

మనకీ 2020 అక్టోబరు నుంచి పెద్ద కంపెనీలతో మొదలై ఈ-ఇన్‌వాయిసు వచ్చింది కాబట్టి ఇదేమీ వింతగా అనిపించకపోవచ్చు. కానీ పుణెలో ఉన్న మా హెడ్డాఫీసు కంప్యూటరు వ్యవస్థకి మన జీఎస్టీ తెలుసు, సాత్ ఎవరో తెలియదు. కొత్త దేశంలో ఫ్యాక్టరీ పెట్టే కంపెనీకి ఎదురయ్యే ఇబ్బందులన్నీ దాదాపు ఈ రకానివే. యంత్రాలు అవే, డ్రాయింగు అదే, గేరు పళ్లూ అన్నే. మారేదల్లా ఆ గేరు గురించి ఎవరికి ఏ లెక్క చెప్పాలన్నది.

నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. ఊరు తెనాలి, ఉద్యోగం పుణెలో. మాది కార్ల గేరుబాక్సుల్లోకి వెళ్లే షాఫ్టులు, గేర్లు చేసే కంపెనీ, పేరెందుకులెండి. మెక్సికో నడిబొడ్డున గ్వానహువాతో అనే రాష్ట్రం ఉంది. అక్కడి సిలావ్‌లో జనరల్ మోటార్స్ 1990ల నుంచీ ఉంది. 2014లో సలమాంకాకి మాజ్దా, సెలాయాకి హోండా వచ్చాయి. ఆ తర్వాత ఆపసెయో ఎల్ గ్రాందేకి టొయోటా వచ్చింది. కారు కంపెనీ ఎక్కడుంటే విడిభాగాల వాళ్లు ఆ చుట్టుపక్కల షెడ్డు వేసుకోవాల్సిందే. దానికి తోడు, 2020 జులైలో అమల్లోకి వచ్చిన అమెరికా-మెక్సికో-కెనడా ఒప్పందం ప్రకారం ప్రయాణికుల కారు విలువలో 75 శాతం ఆ మూడు దేశాల్లోనే పుట్టాలి, లేదంటే సుంకం మినహాయింపు దక్కదు. మా కస్టమర్లు ‘మీరూ రండి’ అన్నారు. వెళ్లాం, సిలావ్‌లో షెడ్డు వేసుకున్నాం.

అక్కడ ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలో తేల్చడానికి వేసిన కమిటీలో నన్నూ కూర్చోబెట్టారు. మొదటి నెలంతా అమ్మేవాళ్ల స్లైడ్లతోనే గడిచింది. జర్మన్ ఎస్ఏపీ, అమెరికన్ ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ డైనమిక్స్, విడిభాగాల తయారీదారుల కోసమే అన్నట్టుండే క్యూఏడీ, ప్లెక్స్, మన చెన్నై రామ్‌కో... అందరి స్లైడ్ల మీదా నవ్వుతున్న ఇంజనీర్లే, అందరి పట్టికల్లోనూ టిక్కులే. ఈ పద్ధతిలో ఎన్నాళ్లు కూర్చున్నా తేలదని నాకు గట్టి నమ్మకం. ఏ మంచి సాఫ్ట్‌వేర్ అయినా స్టాకు చూపిస్తుంది, లెడ్జరు రాస్తుంది. అడగాల్సింది ఏంటంటే, ఈ ఫ్యాక్టరీని లెక్క అడిగేది ఎవరు, ఎప్పుడు అడుగుతారు, ఇవ్వకపోతే ఏం జరుగుతుంది. అడిగేవాళ్లు నలుగురే: అక్కడి ప్రభుత్వం, కస్టమరు, హెడ్డాఫీసు, షాపు ఫ్లోరు. ఒక పెద్ద కాగితం మీద నాలుగు గళ్లు గీశాను. స్లైడ్లు పక్కన పెట్టించి వాటిని నింపడం మొదలుపెట్టాం.

ప్రభుత్వం గడి అన్నిటికంటే ముందు నిండిపోయింది. ఇన్‌వాయిసు సంగతి అందులో చిన్న ముక్క. అసలు కథ ‘ఆనెక్సో 24’ది.

మొదటి ఏళ్లలో మా షాఫ్టులకి ఫోర్జింగులు (కాల్చి సాగగొట్టిన ఉక్కు ముక్కలు) ఇండియా నుంచే వెళ్లాలి. ఎగుమతి కోసం తయారుచేసేవాళ్లకి మెక్సికోలో ‘ఇమెక్స్’ అనే సదుపాయం ఉంది. ఈ పేరు 2006లో వచ్చింది కానీ, దీని వేరు 1965లో సరిహద్దు ఊళ్లలో మొదలైన మకిలదోరా పథకంలో ఉంది. ముడిసరుకుని సుంకం కట్టకుండా తాత్కాలికంగా దించుకోవచ్చు. 18 నెలల్లోగా దాన్ని వస్తువుగా మార్చి దేశం దాటించాలి. (ఆ వస్తువు అమెరికాకి వెళితే సుంకానికి వేరే లెక్క ఉంది, ఇక్కడ దాని జోలికి పోను.) పక్క ఊళ్లోని మరో ఇమెక్స్ కంపెనీకి అమ్మినా కాగితం మీద ఎగుమతి కిందే లెక్క. 2015 నుంచి ఈ తాత్కాలిక దిగుమతుల మీద కూడా 16 శాతం వ్యాట్ ఉంది. ప్రత్యేక ధ్రువీకరణ ఉన్న కంపెనీకి మాత్రం కట్టాల్సినదానికి సమానంగా జమ చూపించి వదిలేస్తారు.

ఇంత వెసులుబాటు ఇచ్చిన ప్రభుత్వం ఊరికే కూర్చోదు కదా. దించుకున్న ప్రతి సరుకుకీ ‘పెదిమెంతో’ అనే కస్టమ్స్ పత్రం, దానికి 15 అంకెల నంబరు ఉంటాయి. ఆ నంబరు మీద వచ్చిన ఫోర్జింగు ఏ షాఫ్టు అయింది, ఆ షాఫ్టు ఏ పెదిమెంతో మీద బయటికి పోయింది, ముందొచ్చినది ముందు పోయినట్టే రాశారా, ఇంకా ఎంత మిగిలింది, దాని గడువెప్పుడు? ఇదంతా కంప్యూటరులో నడవాలి, అడిగిన రోజున చూపించాలి. ఆ నియమాల పుస్తకమే ఆనెక్సో 24.

నాలుగు కిలోల ఫోర్జింగు మూడు కిలోల షాఫ్టు అవుతుందనుకోండి. మిగతా కిలో లేతు కింద రాలిన ఇనుప రజను. పుణెలో ఆ రజను తుక్కు వ్యాపారికి పోతుంది, నాలుగు డబ్బులొస్తాయి, నా ఖాతాలో ఒక గీత. సిలావ్‌లో ఆ కిలో కూడా తాత్కాలికంగా దేశంలోకి వచ్చిన ముడిసరుకే. దాన్ని తిరిగి పంపాలి, లేదా చెప్పి ధ్వంసం చేయాలి, లేదా సుంకం, పన్ను కట్టి ఆ దేశపు సరుకుగా మార్చుకోవాలి. అంటే మా ఇంజనీర్లు బీవోఎంలో (ఏ వస్తువుకి ఏ ముడిసరుకు ఎంత అని చెప్పే జాబితాలో) ‘సుమారుగా’ వేసే బరువులు అక్కడ కస్టమ్స్‌కి ఇచ్చే వాంగ్మూలం అవుతాయి. పుణెలో బీవోఎం తప్పితే నా కాస్టింగు తప్పుతుంది. నేను కేకలేస్తాను, సర్దుకుంటారు. అక్కడ తప్పితే లెక్కకి రాని ఉక్కు దేశంలో అక్రమంగా ఉండిపోయినట్టు. సుంకం, వ్యాట్, జరిమానా, ఆపైన ఇమెక్స్ సదుపాయమే పోయే ప్రమాదం.

కంపెనీ లెక్కలన్నీ ఒకేచోట నడిపే పెద్ద ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ల స్లైడ్లలో ఈ సంగతి ఒక చిన్న టిక్కు. లోతుగా అడిగితే ‘పార్ట్‌నర్ సొల్యూషన్ ఉందండీ’ అంటారు. అది నిజమే. అక్కడ చాలా ఫ్యాక్టరీలు ఆనెక్సో 24 కోసం విడిగా ఒక స్థానిక సాఫ్ట్‌వేర్ వాడతాయి. అందులోకి కస్టమ్స్ ఏజెంటు నుంచి పెదిమెంతోలు, మన ఈఆర్‌పీ నుంచి బీవోఎంలు, ఉత్పత్తి, అమ్మకాలు వచ్చి చేరాలి. అసలు పనంతా ఆ కలిపే దారిలోనే ఉంది. దాన్ని మొదటే గీసుకోకపోతే, ఫ్యాక్టరీ నడిచాక ఒక అమ్మాయిని ఎక్సెల్ ముందు కూర్చోబెట్టి రోజంతా నంబర్లు ఎక్కించాల్సి వస్తుంది. అలాంటి అమ్మాయిలు కూర్చుని ఉన్న ఫ్యాక్టరీలు చూశాను. పాపం వాళ్లకి సెలవు దొరకదు.

జీతాల విషయం తేలిగ్గా తేలింది. అది పూర్తిగా స్థానికం. కార్మికులకి వారం వారం జీతం, జీతపు చీటీకి కూడా సాత్ ముద్ర, డిసెంబరు 20 లోపు కనీసం 15 రోజుల ‘ఆగినాల్దో’ బోనసు, లాభంలో 10 శాతం కార్మికుల వాటా. మనిషికి తండ్రి వైపు ఇంటిపేరు, తల్లి వైపు ఇంటిపేరు రెండూ ఉంటాయి. మా హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటిపేరుకి ఒకటే గడి. మెక్సికోలోనే తయారైన కోంట్‌పాక్ లాంటివి చవకగా, చక్కగా ఈ పనులు చేస్తుంటే పుణె నుంచి మోసుకెళ్లడం దేనికి? హెడ్డాఫీసుకి నెలకొకసారి మొత్తాల ఫైలు వస్తే చాలు.

కస్టమరు గడిలో వాదనలకి చోటే లేదు. ఉత్తర అమెరికా కారు కంపెనీలు ఎక్స్12 పద్ధతిలో మాట్లాడతాయి: 830 అంటే రాబోయే వారాల అంచనా, 862 అంటే ఏ రోజు ఎన్ని పంపాలో, 856 అంటే బండి బయల్దేరగానే మనం పంపాల్సిన కబురు. యూరప్ వాళ్ల భాష వేరు, వాళ్ల లేబుళ్లు వేరు. బండి కంటే కబురు ఆలస్యంగా చేరితే సరఫరాదారు మార్కులు తగ్గుతాయి. ఆ మార్కులు చూసే వచ్చే ఆర్డరు ఇస్తారు. మా పుణె వ్యవస్థకి జర్మన్ పద్ధతి బాగా అలవాటు, అమెరికన్ది కొత్త. కాబట్టి ఎవరిది ఎంచుకున్నా, వాళ్లు అంతకుముందే అక్కడి కారు కంపెనీతో ఈ మూడు సందేశాలూ నడిపి ఉండాలని షరతు పెట్టాం. టిక్కులున్న పట్టికలో సగం మంది అక్కడే జారిపోయారు.

హెడ్డాఫీసు గడి దగ్గర మాలో మాకే గొడవ. మా ఫైనాన్స్ పెద్దాయన ‘అంతా ఒకే వ్యవస్థ’ అంటారు. అక్కడి కంట్రోలరు ఆవిడ ‘మా దేశపు చిన్న సాఫ్ట్‌వేర్ ఇవ్వండి, నెలాఖరుకి మీకు నివేదిక పంపుతాం’ అంటుంది. ఇద్దరూ సగం సగం ఒప్పు. మెక్సికోలో పన్ను సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. డాలరు ధర కూడా పుణె బ్యాంకుది కాదు, అక్కడి గెజిట్‌లో అచ్చయినదే వాడాలి. పైగా ఖాతాల తేరీజు ప్రతి నెలా ఎక్స్‌ఎంఎల్‌లో సాత్‌కి ఎక్కించాలి. ఇవన్నీ ఒకే లెడ్జరులో రెండు క్యాలెండర్లతో నడపొచ్చు, కానీ మొదటి రోజే అలా కట్టుకోవాలి.

నేను పట్టుబట్టింది ఒక్కదాని మీదే: ఐటెం మాస్టరు. ఏ షాఫ్టుకి ఏ కోడు, ఏ కొలత, ఏ బరువు అన్న మూల జాబితా రెండు చోట్లా ఒకటే ఉండాలి, దాన్ని మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి. వంటిళ్లు వేరైనా ధాన్యపు కొట్టు ఒకటే ఉన్న ఉమ్మడి కుటుంబంలా.

ఈ పట్టుదల వెనక ఒక ప్రసిద్ధ కథ ఉంది. అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్ 2013లో కెనడాలో అడుగుపెట్టింది. తయారీ కంపెనీ కాదు కానీ పాఠం మాత్రం మనదే. అమెరికాలో తాము సొంతంగా పెంచుకున్న వ్యవస్థల్ని వదిలి, కెనడాకి కొత్తగా ఎస్ఏపీ పెట్టుకున్నారు. సాఫ్ట్‌వేర్ మంచిదే. కానీ వేలాది వస్తువుల వివరాలు హడావిడిగా ఎక్కించారు. సెంటీమీటర్లుండాల్సిన చోట అంగుళాలు, పొడవు రాయాల్సిన చోట వెడల్పు పడ్డాయి. అరల్లో సరుకు లేదు, గోదాముల్లో పట్టడానికి చోటు లేదు. 133 దుకాణాలు తెరిచిన సంస్థ 2015 జనవరిలో మొత్తం మూసేస్తున్నామని ప్రకటించింది. డేటా ఒక్కటే ఆ సంస్థని ముంచిందని అనను, ఇంకా చాలా కారణాలున్నాయి. కానీ ఖాళీ అరకి, తప్పు కొలతకి మధ్య ఉన్న దారి మాత్రం చాలా పొట్టిది.

ఇక షాపు ఫ్లోరు. అన్ని కమిటీల్లోనూ ఆఖరికి గుర్తొచ్చే గడి ఇదే. మాదీ అంతే.

పుణెకీ గ్వానహువాతోకీ పదకొండున్నర గంటల తేడా. 2022 అక్టోబరులో మెక్సికో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పే ఆనవాయితీ మానేసింది కనుక (అమెరికా సరిహద్దు ఊళ్లు కొన్ని తప్ప) ఇప్పుడు ఈ తేడా ఏడాది పొడుగునా మారదు. మా సర్వరుకి ఆదివారం తెల్లవారుజామున 1 నుంచి 5 దాకా విశ్రాంతి. ప్యాచులు వేసుకునే వేళ. ఆ సమయానికి సిలావ్‌లో శనివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. ఫ్యాక్టరీ నడుస్తోంది, లారీ ముద్ర కోసం నిలబడి ఉంది.

ఇంకో సంగతి మా కుర్రాడు పట్టుకున్నాడు. ఖమ్మం అబ్బాయి, అమీర్‌పేటలో ఎస్ఏపీ నేర్చుకుని వచ్చాడు. ఏ అర్ధరాత్రి కాల్ చేసినా ఎత్తుతాడు. ఒకరోజు అడిగాడు:

“మేడం, నెలాఖరు రాత్రి పన్నెండింటికి పాత నెల మూసేసే ప్రోగ్రాం ఉంది కదా మనకి?”

“ఉంది బాబూ, స్టాకు ఎంట్రీలు వెనక్కి పడకుండా నేనే పెట్టించా.”

“మన ఒకటో తారీఖు మొదలయ్యేసరికి వాళ్లకింకా ముప్ఫై ఒకటి మధ్యాహ్నమే కదండీ. ఆ సగం రోజు డిస్పాచ్ ఎక్కడ రాసుకుంటారు?”

నెల చివరి సగం రోజంటే ఏ ఫ్యాక్టరీలోనైనా ఎంత హడావిడిగా ఉంటుందో డిస్పాచ్ వాళ్లని అడగండి. ఆ ప్రోగ్రాంని ఫ్యాక్టరీ వారీగా విడగొట్టించాం.

దూరం ఇంకో రకంగానూ బాధిస్తుంది. పుణెలోని సర్వరుకి సిలావ్ నుంచి కబురు వెళ్లి రావడానికి పావు సెకను పైనే పడుతుంది. వెలుతురు వేగం మీద ఏ అమ్మకందారూ డిస్కౌంటు ఇవ్వలేడు. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి అది తెలియదు. బార్‌కోడ్ గన్నుతో ఒక పెట్టెకి నాలుగైదు సార్లు నొక్కే మనిషికి మాత్రం ప్రతి నొక్కుకీ ఆగాలి. రెండో వారానికి అతను నొక్కడం మానేసి కాగితం మీద రాసుకుని, షిఫ్టు చివర ఒకేసారి కొడతాడు. అప్పుడు మన స్టాకు ఎనిమిది గంటలు పాతది. అక్కడి షిఫ్టు సూపర్‌వైజరు మా నమూనా తెర చూసి, “కోంతదోరా, ఏడు గళ్లు నింపాలి. మీరు గ్లోవ్స్ వేసుకుని ఒకసారి నింపి చూపిస్తారా?” అని అడిగాడు. అక్కడ అకౌంటెంటు ఆవిడని మర్యాదగా అలాగే పిలుస్తారు. మర్యాదగానే అడిగాడు కానీ ప్రశ్న ఘాటైనదే. ఏడు గళ్లు రెండయ్యాయి, మిగతావి బార్‌కోడే చెప్పేస్తుంది. తెర స్పానిష్‌లోకి మారింది. యంత్రాల పక్కన నడిచే చిన్న వ్యవస్థని ఆ షెడ్డులోనే ఒక సర్వరు మీద పెట్టాం. పుణెతో లైను తెగినా లెక్కింపు, లేబుళ్లు ఆగవు. లైను రాగానే పైకి చేరతాయి. ఇంటర్నెట్టు రెండు వేర్వేరు కంపెనీలది, షెడ్డుకి రెండు వేర్వేరు వైపుల నుంచి వస్తుంది. ఒకే గుంతలో పక్కపక్కనే పరిచిన రెండు కేబుళ్లని ఒకే పొక్లెయిను తెంపుతుంది మరి.

ఇలా స్థానికంగా కొన్ని, పుణెవి కొన్ని అనుకున్నాక మా సెక్యూరిటీ మనిషి ఒక కథ చెప్పాడు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. అది వ్యాపించింది ఎం.ఈ.డాక్ అనే ఉక్రెయిన్ పన్నుల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల ద్వారా. ఆ దేశంలో వ్యాపారం చేసేవాళ్లలో చాలామంది వాడే మామూలు సరంజామా అది. డెన్మార్క్ నౌకా సంస్థ మెర్స్క్‌కి ఒదెస్సా ఆఫీసులో ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ఒక్క కంప్యూటరు చాలింది. ఓడరేవుల గేట్లు నిలిచిపోయాయి, 45,000 కంప్యూటర్లని మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. నెట్‌వర్కు ఆయువుపట్టు లాంటి సమాచారం ఒక్క ఘానా ఆఫీసులో బతికి బయటపడింది, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి ఉండటం వల్ల. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లు. మందుల కంపెనీ మెర్క్, బిస్కెట్ల మోండెలీజ్ లాంటి తయారీ సంస్థలూ దెబ్బతిన్నాయి.

స్థానిక పన్నుల సాఫ్ట్‌వేర్ వద్దనడానికి లేదు. కానీ దాన్ని హెడ్డాఫీసు నెట్‌వర్కులో మిగతావాటి పక్కన కూర్చోబెట్టకూడదు. జీతాలు, ముద్ర, ఆనెక్సో 24 ఉన్న కంప్యూటర్లకి వేరే గది, వేరే కంచె. ఆ కంచెకి ఒకే చిన్న కిటికీ, అందులోంచి ఫైళ్లు మాత్రమే. ఆ కంచె ఖర్చుకి కమిటీలో పెదవి విరిచినవాళ్లు ఘానా కరెంటు కోత కథ విన్నాక సంతకం పెట్టారు.

చివరికి ఎంచుకున్నది ఏమిటంటే, పుణెలో నడుస్తున్న ఈఆర్‌పీనే కొనుగోళ్లు, స్టాకు, లెడ్జరు వరకు, మిగతాదంతా స్థానికం. స్లైడ్లతో మొదలుపెట్టి ఉంటే ఇదే పేరు దగ్గరికి వచ్చేవాళ్లమేమో, కానీ గీత ఎక్కడ గీయాలో తెలిసేది కాదు. పుణె నమూనాని యథాతథంగా దించుదామన్నప్పుడల్లా మా ఖమ్మం అబ్బాయి ‘అది స్టాండర్డ్‌లో లేదు మేడం’ అంటుండేవాడు. ఎవరి స్టాండర్డ్ బాబూ అని నేనడిగేదాన్ని.

తారీఖు విషయంలో మాత్రం నేను మొండిదాన్ని. చాక్లెట్ల కంపెనీ హెర్షీ 1999లో 11.2 కోట్ల డాలర్ల వ్యవస్థని తొందరపడి జులైలో మొదలుపెట్టింది. అమెరికాలో చాక్లెట్ల పండగ హాలోవీన్ అక్టోబరులో. గోదాములో సరుకుంది, ఆర్డర్లున్నాయి, పంపలేకపోయారు. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. మా కస్టమరు కొత్త కారు విడుదలకి చాలా ముందే, ఇంకా రోజుకి కొన్ని షాఫ్టులే చేస్తున్న దశలో వ్యవస్థ నడవాలని పట్టుబట్టాను. అమ్మకందారుల డెమో బదులు మా తప్పులతో రిహార్సల్ పెట్టించాను: కొన్ని ఫోర్జింగులు పగుళ్లతో వచ్చాయి, ఒక లాటు కస్టమరు తిప్పి పంపాడు, ముద్ర పడిన ఇన్‌వాయిసు రద్దు చేయాలి. మెక్సికోలో రద్దుకి కారణం కోడు ఇవ్వాలి, ఎక్కువ సందర్భాల్లో కొన్నవాడూ ఒప్పుకోవాలి. అంతా సవ్యంగా నడిచే కథ ఎవరైనా చూపిస్తారు. తిరిగొచ్చిన షాఫ్టు ఏ పెదిమెంతోలోకి వెనక్కి వెళ్లాలో చూపించమంటే గదిలో నిశ్శబ్దం. దానికి జవాబు చెప్పగలిగిన స్థానిక సంస్థకే పని ఇచ్చాం. ఒప్పందంలో మరో వాక్యం కూడా రాయించాం: సాత్ తన ఫైలు నమూనా మార్చినప్పుడల్లా అమలు తేదీకి ముందే మార్పు ఇవ్వాలి, విడిగా బిల్లు వేయకూడదు. సాత్‌కి మార్చే అలవాటు బాగా ఉంది.

ఇప్పుడు మా వాళ్లు హంగేరీ మాట ఎత్తుతున్నారు. అక్కడ 2018 జులై నుంచి ఇన్‌వాయిసు వివరాలు రాసిన వెంటనే పన్నుల శాఖకి చేరాలి, కొన్ని రకాల సరుకుల రోడ్డు రవాణాకి 2015లో మొదలైన వేరే నమోదు ఉంది. ఆనెక్సో 24 ఉండదు, దాని బదులు యూరోపియన్ యూనియన్ కస్టమ్స్ ఉంటుంది. నాలుగు గళ్ల కాగితం మళ్లీ తీశాం. మొదటి సమావేశానికి అక్కడి అకౌంటెంటుని, కస్టమ్స్ ఏజెంటుని పిలిచాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలకి ఇంకా కబురు పెట్టలేదు.